పదమూడు అడిగితే రెంచీ ఇచ్చిన చెయ్యి

నవ్వాలనుకుంటే నవ్వండి. మధ్యలో లేచి మాత్రం వెళ్ళొద్దు. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు, నాకే జరిగింది... మా అమ్మ మీద ఒట్టు. ఆ రాత్రి నేను చుక్క ముట్టలేదు. ఒంట్లో జ్వరం లేదు. నిద్రమత్తంటారా, అది అసలే లేదు. నడిసముద్రంలో ఇంజిన్ ఆగిపోతే, ఈత రానివాడికి నిద్రెలా వస్తుంది చెప్పండి?

అవును, నాకు ఈత రాదు. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో ఏళ్ళ తరబడి బోటు ఇంజిన్లు బాగుచేశాను గానీ, మోకాలి లోతు దాటి ఎప్పుడూ సముద్రంలోకి దిగలేదు. మాది గాజువాక అవతల పల్లె. ఉక్కు ఫ్యాక్టరీ కోసం మా పొలం పోయింది. చేలో డీజిల్ పంపుసెట్లతో కుస్తీ పట్టిన విద్య ఒక్కటే మిగిలింది. దాన్ని చంకన పెట్టుకుని హార్బర్‌కి వచ్చాను. పంపుసెట్ అయినా బోటు ఇంజిన్ అయినా లోపల పని ఒకటే. కాకపోతే చేలో పంపుసెట్ ఆగిపోతే ఇంటికి నడిచి వెళ్ళిపోవచ్చు.

ఇది ఎనభై రెండు, ఎనభై మూడు ప్రాంతాల మాట. ఎల్లాజీ అని బోటు డ్రైవరు ఉండేవాడు. బోటు వాళ్ళ ఇంటిదే. ఇంజిన్ మొత్తం విప్పి మళ్ళీ బిగించే పని నాకిచ్చాడు. నెల రోజులు దాని ముందు కూర్చున్నాను. రింగులు మార్చాను, డీజిల్ పంపు లోపలి రబ్బరు పొర మార్చాను. సరదాకొద్దీ పాత ఓడల సామాన్ల కొట్లో దొరికిన చిన్న గేజీ ఒకటి డీజిల్ గొట్టానికి బిగించాను. ఇంజిన్‌కి డీజిల్ ఎంత జోరుగా అందుతోందో ఆ ముల్లు చూపిస్తుంది. హార్బర్‌లో ఇంకే బోటుకీ లేదు అలాంటిది. అందుకే కాస్త ఎగిరాను. "నేను ముట్టుకున్న ఇంజిన్ ఆగదు" అని జెట్టీ మీద అందరి ముందూ కోతలు కోశాను.

ఎల్లాజీ ఊరుకుంటాడా?

"ఆగదన్నావు గదా బావా. అయితే నువ్వూ రా, సముద్రంలో సూద్దుము" అన్నాడు.

ఇరుక్కుపోయాను. రానంటే పరువు పోతుంది.

బోటు నీళ్ళలోకి దింపిన రోజు ఎల్లాజీ తల్లి పైడమ్మ వచ్చింది. ఆవిడ సంగతి చెప్పాలి. ఆవిడ చిన్నకొడుకు సింహాచలం ఇదే బోటులో ఇంజిన్ చూసుకునేవాడు. నేను అతన్ని ఎప్పుడూ చూడలేదు, ఆ పేరు వినడమే. ముందటేడు వేరే వాళ్ళ బోటులో ఒక్క రోజుకని వెళ్ళాడు. గాలివాన పట్టుకుంది. బోటు రాలేదు, మనుషులు రాలేదు, చెక్కముక్క కూడా ఒడ్డుకు కొట్టుకురాలేదు. ఊరంతా ఆశ వదిలేసుకుంది, ఆవిడ వదల్లేదు. "నా గుంటడు ఏ పరాయి ఒడ్డునో ఉన్నాడు. ఒత్తాడు" అనేది. ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ రోజు ఆవిడ పసుపు నీళ్ళలో ముంచిన గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి, కొడుకు పేరు చెప్పి గంగమ్మ తల్లికి ముడుపు కట్టింది. ఎక్కడ కట్టింది? బోటు వెనకభాగంలో చేతికి అందే ఎత్తులో, కిందికి వంగిన ఇనుప గొట్టం ఒకటుంటే దానికి. తడిగుడ్డని చుట్లు చుట్లుగా బిగించి, పైన పసుపు ముద్ద మెత్తింది. "నా కొడుకు గుమ్మంలో అడుగెట్టిన రోజు నానే ఇప్పుతాను. అందాక దీని మీద ఎవులూ సెయ్యెయ్యకండి" అంది. అందరం దండం పెట్టుకున్నాం. నేను కూడా పెట్టాను. రెండు చేతులూ జోడించి మరీ పెట్టాను.

మూడు రోజుల తర్వాత, అర్ధరాత్రి దాటి ఒంటిగంటకి బయల్దేరాం. మిగతా బోట్లు మూడింటికి గానీ కదలవు. చుక్కాని దగ్గర ఎల్లాజీ, కళాసీ నూకరాజు, నేను. ముగ్గురమే. టాంకీ నిండా డీజిల్ కొట్టించాం. రాళ్ళకట్ట దాటి బయటికి రాగానే ఇంజిన్ ఎలా పాడిందనుకున్నారు! గుండె ఉప్పొంగిపోయింది. గేజీ ముల్లు నిటారుగా నిలబడింది. భయం కూడా మర్చిపోయాను. "సూసేవా బావా!" అని అరిచాను. ఎల్లాజీ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

అరగంట అయి ఉంటుంది...

శబ్దం మారింది. మొదట నాకొక్కడికే తెలిసింది. డగ్ డగ్ డగ్ అని నడిచేది... డగ్... డగ డగ... డగ్... అంటోంది. గేజీ వైపు చూశాను. ముల్లు కిందికి జారుతోంది. మెల్లగా... మెల్లగా... సున్నా మీద పడుకుంది.

ఇంజిన్ ఆగిపోయింది.

ఇంజిన్ ఆగాక సముద్రం చప్పుడు ఎంత పెద్దదో మీకు తెలియదు. బోటు పక్కకి తిరిగి ఊగడం మొదలుపెట్టింది.

"ఏటయ్యింది మేస్త్రీ?" అన్నాడు నూకరాజు.

"ఎయిర్ పట్టినట్టుంది. ఏటీ నేదు, ఐదు నిమిషాలు" అన్నాను.

ఇంజిన్ గదిలోకి దిగాను. గది అంటే నిలబడే చోటు కాదు, చెక్కల కింద ఇంజిన్ చుట్టూ మనిషి పాకేంత సందు. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టాను. గొట్టంలో గాలి ఉంటే నురగ రావాలి. నురగ లేదు. డీజిల్ ఉంటే చివ్వున చిమ్మాలి. చిమ్మలేదు. బొట్టు... బొట్టు... ముక్కు కారినట్టు కారింది. ఫిల్టర్ మూసుకుపోయిందేమోనని కొత్తది వేశాను. స్టార్ట్ చేస్తే అయింది! పది నిమిషాలు నడిచింది. ముల్లు మళ్ళీ జారింది. మళ్ళీ ఆగింది. కాసేపు ఆగి కొడితే మళ్ళీ నడిచింది, ఈసారి ఐదు నిమిషాలే.

నాకు చెమటలు పట్టాయి. మిగిలింది పంపు. దానిలోపలి రబ్బరు పొర నేను వేసిందే. నా చేత్తో నేనే ముగ్గురి పీకలూ కోశానా?

ఈలోగా పైనుంచి ఎల్లాజీ కేక.

"బావా! గాలి మనల్ని కొండకేసి తోస్తంది!"

తల బయట పెట్టి చూశాను. డాల్ఫిన్ నోస్ కొండ నల్లగా మా మీదికి ఒరిగినట్టుంది. పైన లైట్‌హౌస్ దీపం తిరుగుతోంది. దాని వెలుగు ఎక్కడో దూరాన ఓడలకి. మాకు మాత్రం కింద రాళ్ళ మీద అలలు విరిగే చప్పుడు వినిపిస్తోంది. ధన్... ధన్... లంగరు వేశారు. అది నేలకి పట్టలేదు, రాళ్ళ మీద గీరుకుంటూ మాతోపాటే వస్తోంది.

"ఎంతసేపుంది?" అన్నాను.

"అరగంట. తాడు తెగితే అదీ నేదు. నువ్వు ఇంజిన్ సూడు, మేం తాడు సూత్తాం" అన్నాడు.

వాళ్ళిద్దరికీ ఈత వచ్చు. ఆ రాళ్ళలో ఈత వచ్చినవాడు కూడా బతకడు, అది వేరే సంగతి. నాకు మాత్రం నా పెళ్ళాం ముఖం కళ్ళ ముందు ఆడింది. ఆవిడకి అప్పుడు ఏడో నెల.

మళ్ళీ దిగాను. టార్చిలైటు పళ్ళతో కరిచిపట్టుకుని ఇంజిన్ ఎడమపక్కన బోర్లా పడుకున్నాను. పంపు అక్కడుంది. సామాన్ల సంచీ నిచ్చెన దగ్గర, ఇంజిన్‌కి అవతల ఉండిపోయింది. అప్పుడే... టార్చి పచ్చబడింది. ఎర్రబడింది. పోయింది.

కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించని చీకటి. వేడి. డీజిల్ వాసన. చెక్కల కింద నీళ్ళు సర్ర్... సర్ర్... మని పాకుతున్నాయి.

తడుముకుంటూ పని చేయడం నాకు కొత్త కాదు. అవతల ఏదో కదిలిన చప్పుడైంది. హమ్మయ్య, నూకరాజు సాయానికి దిగాడు అనుకున్నాను. పంపు మీంచి చూపు... చూపేముంది, చెయ్యి తియ్యకుండానే రెండో చెయ్యి ఇంజిన్ మీదుగా అవతలికి చాపాను.

"నూకరాజూ, పదమూడు" అన్నాను. పదమూడో నంబరు స్పానర్ అని అర్థం.

టక్... టక్.

ఇనుము మీద ఇనుము, రెండు దెబ్బలు. వెంటనే నా అరచేతిలో స్పానర్ పడింది. వేలితో తడిమాను. పదమూడే. పైగా జిడ్డు లేకుండా తుడిచి ఉంది. భలే, వీడికి పని తెలుసే అనుకున్నాను. రెండు నట్లు వదులు చేసి, దాన్ని అవతలికి పెట్టేశాను.

"పద్నాలుగు."

టక్... టక్. పద్నాలుగు వచ్చింది.

"మళ్ళీ పదమూడు."

టక్... టక్.

ఈసారి చేతిలో పడింది బరువుగా ఉంది. తడిమాను. పైపు రెంచీ! మోచెయ్యంత పొడుగు ఉంటుంది అది. నాకు ఒళ్ళు మండిపోయింది. అసలే నాది ముక్కు మీద కోపం, పైగా ప్రాణాల మీదికి వచ్చింది.

"పదమూడంటే రెంచీ ఇత్తావేట్రా? సెవుడొచ్చిందేటి నీకు?"

రెంచీని అవతలికి విసిరాను. ఠంగుమని పడింది. మళ్ళీ చెయ్యి చాపాను.

"పదమూడు!"

ఏమీ లేదు...

చెయ్యి అలాగే చాపి ఉంచాను. నీళ్ళ చప్పుడు. లంగరు తాడు కిర్రుమనే చప్పుడు. వాటి మధ్య ఇంకొకటి... ఊపిరి అనను. అది ఊపిరని నేను చెప్పలేను. అవతల ఒక మనిషి ఆగి, నేను చెప్పింది వినకూడదని నిర్ణయించుకున్నట్టు ఉండే నిశ్శబ్దం అది. మీ నాన్న మాట్లాడకుండా నిలబడితే ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. అలాంటిది.

టక్...

టక్.

రెంచీ. మళ్ళీ రెంచీయే.

నేను విసిరెయ్యబోయాను. విసరనివ్వలేదు. వేళ్ళు... నా వేళ్ళ మీద వేళ్ళు పడ్డాయి. ఒక్కొక్క వేలినీ రెంచీ చుట్టూ మడిచాయి. మడిచి, పైనుంచి ఒక్కసారి గట్టిగా అదిమి, వదిలేశాయి.

అప్పుడు నా మట్టిబుర్రకి వెలిగింది. ఈ బోటులో అంత పెద్ద రెంచీతో పని ఒక్కచోటే ఉంది. టాంకీ మూత!

టాంకీ! ఓరి నాయనో! టాంకీలోంచి డీజిల్ బయటికి వెళ్ళాలంటే, ఆ ఖాళీలోకి గాలి లోపలికి రావాలి. రాకపోతే డీజిల్ కదలదు, పంపు ఎంత లాగినా సరే. అందుకే కదా టాంకీకి గాలి గొట్టం అని ఒకటి పెడతారు, వాన నీళ్ళు పడకుండా మూతి కిందికి వంచి... బోటు వెనకభాగంలో... చేతికి అందే ఎత్తులో...

ముడుపు కట్టింది ఆ గొట్టం మూతికే. ఎండకి ఎండి, ఉప్పునీటికి బిగుసుకుని, పసుపు ముద్ద సిమెంటులా గట్టిపడి ఉంటుంది. అది చూసి నేను దండం పెట్టాను! మెకానిక్కుని! నా దగ్గర పనిచేసేవాడెవడైనా ఇలా చేస్తే నెత్తి మీద మొట్టికాయ వేసేవాణ్ణి.

పైకి దూకాను. ముందువైపు ఎల్లాజీ, నూకరాజు ఇద్దరూ లంగరు తాడుకి వేలాడుతున్నారు. చూశాను, చూసి కూడా నాకేమీ తట్టలేదు. టాంకీ మూతకి రెంచీ బిగించి తిప్పాను. రాలేదు. లోపలినుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టుంది. రెండు కాళ్ళూ తన్నిపట్టి తిప్పాను. అప్పుడు...

హూ...ఊ...ఊ...

టాంకీ ఎంత పొడుగు గాలి పీల్చిందంటే నా ఒంటి మీద రోమాలు లేచి నిలబడ్డాయి.

కిందికి ఉరికి నట్లు బిగించి, చేతి పంపు కొట్టాను. చివ్వున చిమ్మింది డీజిల్, నా ముఖం నిండా! ఆ డీజిల్ రుచి నాకు పాయసంలా ఉంది. స్టార్ట్ చేశాను. డగ్ డగ్ డగ్ డగ్! ముల్లు లేచింది! కేకలు పెట్టాను, ఏడ్చాను కూడా.

అంతలో ఒక అల వచ్చి చెక్కల మీదుగా పారింది. తెరిచి ఉన్న టాంకీలోకి ఉప్పునీళ్ళు పోతే ఇంజిన్ ఇక బతకదు. పైకొచ్చి మూత బిగించాను. మూస్తే మళ్ళీ గాలి అందదు, మళ్ళీ ఆగుతుంది. ఇక దారి ఒక్కటే.

"బావా, ముడుపు ఇప్పీయాల" అన్నాను.

ఎల్లాజీ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"నోర్ముయ్. అది మా తమ్ముడి ముడుపు. దాన్ని ముట్టుకుంటే ఆడింక రాడు."

"ఇప్పకపోతే మీ అమ్మకి నువ్వు కూడా దక్కవు!"

అల వచ్చి రాయికి కొట్టింది. తుంపర మా ముఖాల మీద పడింది. అంత దగ్గరికి వచ్చేశాం. ఎల్లాజీ తల పక్కకి తిప్పుకున్నాడు.

"కత్తెట్టకు. సేత్తో ఇప్పు" అన్నాడు.

చేత్తో రాలేదు. పళ్ళతో ముడి లాగాను. నోరంతా పసుపు, ఉప్పు. "తల్లీ, తప్పు నాదే, ఆ పిల్లాడిది కాదు" అని అంటూనే ఉన్నాను. ముడి వదిలింది. గొట్టం చిన్నగా ఈల వేసి గాలి లాక్కుంది. గుడ్డనీ, బిళ్ళనీ చొక్కా జేబులో పెట్టుకున్నాను. నూకరాజు లంగరు తాడు కోసేశాడు. బోటు వణికి, ముందుకి దూకింది. కొండ వెనక్కి జరగడం మొదలుపెట్టింది. అంత సంతోషం నా పెళ్ళినాడు కూడా లేదు.

కాస్త స్థిమితపడ్డాక నూకరాజు వీపు మీద చరిచాను. "రెంచీ ఇచ్చి మంచి పని సేసేవురా! తిట్టినందుకు ఏటనుకోకు" అన్నాను.

"రెంచీ ఏటి మేస్త్రీ?"

"కిందకొచ్చి ఇచ్చేవు గదా."

"నానెక్కడొచ్చాను? తాడు ఒగ్గితే రాళ్ళకి గుద్దుకుందుము. ఎల్లాజీనడుగు, ఇద్దరం ఆడే ఉన్నాం."

నవ్వుతున్నవాణ్ణి ఆగిపోయాను. ఎల్లాజీ చుక్కాని వదలకుండా మెడ మాత్రం తిప్పాడు.

"ఎలగిచ్చినాడు?" అన్నాడు. ఇచ్చిందెవరు అని అడగలేదు. ఎలా అని అడిగాడు.

రెంచీ తీసి ఇనుప కమ్మీ మీద కొట్టి చూపించాను. టక్... టక్.

ఎల్లాజీ మెడ మళ్ళీ ముందుకి తిప్పేసుకున్నాడు. తర్వాత, సముద్రం కేసి చూస్తూనే, "మా సిమ్మాచలం అలగే ఇచ్చీవోడు. సీకట్లో సెయ్యి సాపుతావని ముందు రెండు దెబ్బలు కొట్టి, తుడిసి ఇచ్చీవోడు" అన్నాడు. నూకరాజు గబగబా దేవుళ్ళ పేర్లన్నీ చదవడం మొదలుపెట్టాడు. హార్బర్ చేరేదాకా మా ముగ్గురిలో ఎవరూ ఇంజిన్ గదిలోకి దిగలేదు.

బోటు ఊగుతోంది కదా, సామాన్లు దొర్లి నా చేతిలో పడ్డాయేమో అంటారా? నేనూ అలాగే అనుకుని చూశాను. పదమూడు దొర్లింది సరే. పద్నాలుగు కూడా దొర్లింది సరే. విసిరేసిన రెంచీ తిరిగొచ్చి నా వేళ్ళు మడిచిందా? పోనీ, భయంలో నా వేళ్ళే ముడుచుకున్నాయా? కావచ్చు... తెలియదు.

కొండకి దూరంగా, నెమ్మదిగా చుట్టు తిరిగి తెల్లవారుతుండగా జెట్టీకి చేరాం. పైడమ్మ అక్కడే ఉంది, చేపల గంప పక్కన పెట్టుకుని. ముందు మమ్మల్ని చూడలేదు. గొట్టం కేసి చూసింది. బోసిగా ఉన్న ఆ గొట్టం చూసి అలాగే నేల మీద కూలబడింది.

ఎల్లాజీ బోటు దిగలేదు. నేనే దిగాను. ముడుపు గుడ్డ ఆవిడ ఒళ్ళో పెట్టి, జరిగిందంతా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. ఆవిడ అంతా విని నా కుడిచెయ్యి తీసుకుంది. అరచేతిని తిప్పి చూసింది.

"ఈ సెయ్యేనా?" అంది.

"ఇదేనమ్మా."

"ఆడి సెయ్యి తగిల్నాదా నీకు?"

"తగిల్నాదమ్మా."

"ఎచ్చగుందేటి... సల్లగుందేటి?"

ఆవిడ ఏమి అడుగుతోందో నాకు అర్థమైంది. చల్లగా ఉందంటే, పోయినవాడు వచ్చి ఇచ్చాడని. వెచ్చగా ఉందంటే, ఎక్కడో బతికే ఉన్నాడని. అది ఇంజిన్ గది కదండీ. అప్పటిదాకా నడిచిన ఇంజిన్ పక్కన గాలి వేడి, నేల చెక్కలు వేడి, ఆ ఇనుప రెంచీ కూడా వేడే. ఏది రెంచీ వేడో, ఏది వేళ్ళ వేడో...

"ఎచ్చగానే ఉందమ్మా" అన్నాను.

ఆవిడ ముఖం చూడాల్సింది మీరు. కళ్ళు తుడుచుకుని, ముడుపు రొంటిన దోపుకుని, గంప ఎత్తుకుని లేచింది. "అయితే ఒత్తాడు" అంది. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది పైడమ్మ. రోజూ రాత్రి గుమ్మం దగ్గర ఒక మనిషికి సరిపడా అన్నం మూతపెట్టి పడుకునేది. ఎవరైనా ఇంకెందుకమ్మా అంటే, మేస్త్రీ చెయ్యి పట్టుకుని చూశాడు, నా కొడుకు చెయ్యి వెచ్చగా ఉంది అని చెప్పేది. నేను ఆవిడకి నిజం చెప్పానో అబద్ధం చెప్పానో... నాకు ఇప్పటికీ తెలియదు.